మిమీ పారబోసిన నీళ్ళు

ఓస్లా నాయనమ్మకి ఈ లోకంలో శత్రువులంటూ ఎవరూ లేరు, ఒక్క తోడికోడలు తప్ప. ఆ సంగతి తోడికోడలికి తెలియదు. నలభై ఆరేళ్ళుగా "అక్కా, అక్కా" అంటూ వస్తుంది, ఓస్లా చేసిన రొట్టె తింటుంది, బాగుందంటుంది, వెళ్ళిపోతుంది. శత్రువన్నది అలా ఉంటే ఎంతటివాళ్ళకైనా ఒళ్ళు మండదా మరి.

ఇద్దరూ అన్నదమ్ముల్ని చేసుకున్నారు. అన్న గిడియన్‌ని ఓస్లా, తమ్ముడు హోసియాని మిమీ. షెట్లాండ్ దీవుల్లో పడమటి కొసన హామర్‌గార్త్ అని ఒక ఊరుంది. అక్కడ ఒకే గుట్ట మీద పైన తమ్ముడి పొలం, కింద అన్నది. రెంటికీ హద్దుగా రాళ్ళు పరిచిన సన్నటి కాలువ. వాన లేనప్పుడు అది ఎండి ఉంటుంది. ఓస్లా వంటింటి కిటికీ సరిగ్గా మిమీ ఇంటివైపే తెరుచుకుంటుంది. ఆ కిటికీ అక్కడ పెట్టిన మేస్త్రీకి పుణ్యమో పాపమో గానీ, నాయనమ్మ జీవితంలో సగం దాని ముందే గడిచింది.

ఆ ఊళ్ళో చెట్టన్నది లేదు. గాలి మొలవనివ్వదు. గొర్రెలు కూడా వీపు తిప్పుకుని మేస్తాయి. క్యాబేజీ వెయ్యాలన్నా చుట్టూ నడుమెత్తు రాతిగోడ పేర్చి, గాలికి కనబడకుండా దాచి పెంచాలి. ఆ రాతిదడి క్యాబేజీలో ఓస్లాకి పెద్ద పేరు. ఆగస్టులో ఊరి హాల్లో జరిగే పంటల పోటీలో పదకొండేళ్ళపాటు మొదటి బహుమతి ఎర్రచీటీ ఆమె క్యాబేజీ పక్కనే ఉండేది. మిమీ అప్పట్లో జామ్ సీసాలు పెట్టి రెండో బహుమతో మూడో బహుమతో పట్టుకుని పోయేది. ఆ పదకొండేళ్ళూ తోడికోడళ్ళ మధ్య ప్రేమకి ఏ లోటూ రాలేదు.

తర్వాత మిమీ డేరా కట్టించింది.

డేరా అంటే గుడ్డ డేరా కాదు. సముద్రంలో సాల్మన్ చేపల్ని పెంచే దొడ్లుంటాయి కదా, వాటికి వాడే నల్లటి లావుపాటి ప్లాస్టిక్ గొట్టాలు పాతబడితే ఒడ్డున పారేస్తారు. హోసియా వాటిని ట్రాక్టరు మీద తెచ్చి, విల్లుల్లా వంచి, కాళ్ళు నాలుగడుగుల లోతున పాతి, పైన గట్టి పారదర్శకపు రేకులు బిగించాడు. మనిషి నిలబడి నడిచే సొరంగంలా తయారైంది. అందులో మిమీ టమాటాలు వేసింది. జులైలో ఒకరోజు పళ్ళెంలో ఆరు పళ్ళు పెట్టుకుని కిందికి దిగి వచ్చింది.

గిడియన్ తాత ఒకటి తీసుకుని, నిలబడే తిన్నాడు.

ఆయన మాటల మనిషి కాదు. నలభై ఏళ్ళు చేపల పడవ మీద గాలితోనే మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి ఏమీ మిగల్లేదు. పెళ్ళినాడు పాస్టరు గారు రెండోసారి అడిగితే గానీ "సరే" అనలేదట. వంట బాగుంటే "వేడిగా ఉంది" అంటాడు. ఇంకా బాగుంటే ఏమీ అనడు. అలాంటి మనిషి ఆ టమాటా తిని, వేళ్ళు కూడా నాకి, "ఇంత రుచి నేను పుట్టి బుద్ధెరిగాక తినలేదు" అన్నాడు.

మిమీ సిగ్గుపడింది. ఓస్లా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, మిమీ వెళ్ళాక దించడానికి కాస్త సమయం పట్టింది. నలభై ఆరేళ్ళు ఈ చేత్తో వండి పెడితే ఒక్కనాడు రాని మాట, వండని పండు ఒక్కటి, ఉప్పయినా చల్లకుండా నోట్లో వేసుకుంటే వచ్చింది. ఆ సాయంత్రం ఆమె టీ కెటిలుకి చెప్పింది: "ఆ మాట నా చేతి పండుకి అనిపించకపోతే నేను ఓస్లానే కాదు." కెటిల్ ఈల వేసింది.

గొట్టాలు దొరికేదాకా ఆగమని గిడియన్ చెప్పాడు. ఓస్లాకి ఆగడం అంటే ఏమిటో తెలియదు. టపాలో సన్నటి ఇనుప కమ్మీలూ, ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా తెప్పించి, మార్చి నెలలో తానే కట్టేసింది. మూడోరోజు గాలి వచ్చింది. పట్టా లేచి, కాలువ దాటి, మిమీ వాళ్ళ గొర్రెపొట్టేలు మీద వాలింది. తెల్లటి ముసుగేసుకుని ఆ పొట్టేలు పెళ్ళికూతురిలా ఊరంతా తిరిగింది.

మర్నాడు మిమీ ఆ పట్టాని మడతలు పెట్టి తెచ్చింది. నలుమూలలూ కలిపి, మళ్ళీ మడిచి, చంకలో పెట్టుకుని.

"ఎక్కడా చిరగలేదక్కా, చూడు," అంది.

చిరిగినా బాగుండేదనిపించింది ఓస్లాకి. విసిరేసినా సహించేది. మడతపెట్టి తెస్తే ఏం చెయ్యాలి?

చివరికి ఏప్రిల్లో హోసియా మళ్ళీ గొట్టాలు తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ, ఇరుగుపొరుగు ఇద్దరూ కలిసి ఒక్కరోజులో నిలబెట్టారు. ఆ ఊళ్ళో ఇలాంటి పనికి కూలి అడిగేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు. కడుపునిండా పెట్టాలి, అంతే. ఓస్లా ఉప్పులో ఊరేసి పొగకి ఎండబెట్టిన గొర్రెమాంసం చారూ, బంగాళాదుంపలూ, పెనం మీద కాల్చిన మెత్తటి రొట్టెలూ పెట్టింది. గిడియన్ తిని "వేడిగా ఉంది" అన్నాడు. ఆమె గరిటె కింద పెట్టిన చప్పుడు పైఇంటిదాకా వినపడింది.

నారు కూడా మిమీయే ఇచ్చింది. పన్నెండు టమాటా మొక్కలు, రెండు దోస. అంత మంచి నారు ఇచ్చినందుకు కోపం వచ్చినా ఓస్లా జాగ్రత్తగానే నాటుకుంది.

ఆ డేరాలో ఒక చిత్రం ఉంది. వారంలో అయిదురోజులు బయట కుండపోతగా కురుస్తుంది. లోపల మట్టి మాత్రం అప్పడంలా ఎండిపోతుంది. నెత్తి మీద టపటప వాన, కాళ్ళ కింద కరువు. ఓస్లా వంటింటి కుళాయి నుంచి బకెట్లు మోసేది. కుడి మోకాలు మొరాయించేది. మిమీకి ఆ బాధ లేదు. ఆమె పశువులకొట్టం కప్పుకి తూము కట్టి, ఆ తూముకి గొట్టం పెట్టి, వాననీళ్ళని పెద్ద పీపాలోకి దించుకుంటుంది. పీపాకి కుళాయి, కుళాయికి రబ్బరు పైపు. "ఆకాశం నీళ్ళు మొక్కలకి అమ్మపాలు లాంటివక్కా," అని ఒకసారి చెప్పింది. కుళాయి నీళ్ళు పోసేవాళ్ళు సవతి తల్లులన్నమాట. మిమీ అలా అనలేదు, కానీ ఓస్లా అలాగే విన్నది.

జూన్ మొదట్లో పడమటి నుంచి రెండురోజులు తుఫాను గాలి వీచింది. మూడోరోజు పొద్దున గాలి తగ్గి వాన మొదలైంది. ఓస్లా లేచి చూస్తే కిటికీ అద్దం మీద తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. సముద్రం నుంచి గాలి మోసుకొచ్చిన జల్లు. తుఫాను వచ్చిన ప్రతిసారీ అదే పని. ఆమె తడిగుడ్డ తీసుకుని, మిమీ ఇల్లు కనబడేంత మేర గుండ్రంగా తుడిచింది. మిగతా అద్దం ఎలా పోయినా ఆమెకి పట్టదు.

ఆ గుండ్రటి సందులోంచి చూస్తే మిమీ, మొగుడి వానకోటు వేసుకుని, కొట్టం దగ్గరికి వచ్చింది. పీపా మూతిలోంచి గొట్టం తీసి పక్కకి తిప్పింది. నీళ్ళన్నీ కాలువలోకి పోతున్నాయి. అరగంట సేపు. తర్వాత వచ్చి గొట్టాన్ని మళ్ళీ పీపాలో పెట్టి లోపలికి పోయింది.

ఓస్లా నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, గిడియన్ మీదికి.

"చూశావా దాని వగలు. నేను మోకాలు ఈడ్చుకుంటూ బకెట్లు మోస్తుంటే, అది నీళ్ళు పారబోస్తోంది."

"ఏదో కారణం ఉంటుంది," అన్నాడు గిడియన్.

"ఉంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను, అదీ కారణం."

వెళ్ళి అడగొచ్చు కదా అన్నాడాయన. పెద్దకోడలు వెళ్ళి చిన్నకోడల్ని అడగడమా. ఆ పని వాళ్ళ అత్తగారి కాలంలోనూ లేదు.

ఆ రోజే ఓస్లా పార తీసుకుని, కాలువ తన వైపు వచ్చే చోట గొయ్యి తవ్వి, పాత నీలంపీపాని మెడదాకా పాతింది. కాలువనీళ్ళు అందులో పడేలా రెండు రాళ్ళు అడ్డం పెట్టి, పైన గోనెపట్టా కప్పింది. ఇది దొంగతనం కాదు. కాదని తనకి తానే నాలుగుసార్లు చెప్పుకుంది. ఒకరు పారబోసిన నీళ్ళు ఎవరివి? ఎవరి పొలంలోకి వస్తే వాళ్ళవి. పైగా మిమీ అమ్మపాలని మురిసిపోయే నీళ్ళతోనే మిమీని ఓడించొచ్చు. ఆ ఆలోచనకి ఆమె మోకాలి నొప్పి కూడా తగ్గింది.

ఆ తర్వాత ఆ వేసవిలో ఇంకో మూడు తుఫాన్లు వచ్చాయి. మూడుసార్లూ మిమీ మొదటి అరగంట నీళ్ళు వదిలేసింది. మూడుసార్లూ ఓస్లా పీపా నిండింది. మొక్కలకి కడుపారా పోసింది.

ముందు దోసమొక్కలు పోయాయి. ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముదురు రంగుకి తిరిగి, ముడుచుకుని, వారంలో వాలిపోయాయి. టమాటా ఆకులూ చివర్లు మాడడం మొదలుపెట్టాయి. దాహమేమో అని ఓస్లా ఇంకా పోసింది. ఇంకా మాడాయి. అప్పుడు ఆమెకి జ్ఞానోదయమైంది. మిమీ పుచ్చు నారు ఏరి ఇచ్చింది.

రుజువు చేద్దామని పైకి వెళ్ళి చూస్తే, మిమీ డేరాలో అదే నారు కప్పు తాకుతోంది. పిడికెడంత కాయలు. లోపల వెచ్చగా, పచ్చివాసనతో ఉంది. హోసియా ఒక మూల కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. "రా వదినా, కూర్చో," అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నీవి ఎలా ఉన్నాయక్కా?" అని అడిగింది మిమీ.

"నీ వాటికంటే ఒక జానెడు పొడుగే."

"అయితే రేపొచ్చి చూస్తా."

"రేపొద్దు. లోపల పిల్లి ఈనింది. మనుషుల్ని చూస్తే బెదురుతుంది."

ఓస్లా ఇంట్లో పిల్లి లేదు. ఉండేది, పోయి ఆరేళ్ళయింది. దాన్ని పాతిపెట్టినప్పుడు మిమీ పక్కనే ఉంది. అయినా మిమీ "అయ్యో, పాపం" అని మాత్రం అంది. ఆ రోజే ఓస్లా డేరా తలుపుకి తాడు కట్టి మూడు ముళ్ళు వేసింది.

ఆ ముళ్ళు విప్పింది గిడియనే. జులై చివర్లో తలుపు మడతబందు ఊడితే బిగించడానికి వచ్చాడు. పని అయ్యాక దాహం వేసి, కాలువగట్టున గోనెపట్టా ఎత్తి, దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. వెంటనే మింగలేదు. అన్నం నమిలినట్టు నీళ్ళని నమిలాడు. నలభై ఏళ్ళు పడవ మీద బతికిన నాలుక అది.

"ఓస్లా," అన్నాడు, "ఇందులో సముద్రం ఉంది."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన జీవితంలో అన్ని మాటలు ఒకేసారి వాడింది ఆ రోజే. తుఫాను ఉప్పుజల్లు మిమీ కొట్టం కప్పు మీద పడుతుంది. తర్వాత వచ్చే మొదటి వాన ఆ కప్పుని కడుగుతుంది. ఆ కడుగునీళ్ళు మొక్కలకి విషం. అందుకే మిమీ అరగంట సేపు వాటిని వదిలేసి, మంచినీళ్ళు మొదలయ్యాక పీపాకి పెడుతుంది.

"నువ్వు ఏరుకుని ఏరుకుని ఆ కడుగునీళ్ళే పట్టావు," అన్నాడు. "కిటికీ మీద ఉప్పు తుడుస్తావు కదా ప్రతిసారీ. కిటికీ మీద పడ్డది కప్పు మీద పడదా?"

ఓస్లా చేతిలో తడిగుడ్డ ఉన్నట్టే, తన అరచేయి చూసుకుంది. ఆ ఉప్పుని తుడుచుకుని మరీ మిమీని చూసింది. ఉప్పుని మాత్రం చూడలేదు.

గిడియన్ బోర్లించిన బకెట్ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు రాలేదు గానీ భుజాలు ఊగాయి, కళ్ళనీళ్ళు వచ్చాయి.

"నవ్వు, నవ్వు. పళ్ళు ఊడిపోతాయి."

"ఊడి పదేళ్ళయిందే," అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు ఇద్దరూ కలిసి కుళాయినీళ్ళు బకెట్లకి బకెట్లు మోసి ఆ మట్టిని కడిగారు. పన్నెండు మొక్కల్లో అయిదు బతికాయి. బతికినవాటికి కాయలు కాశాయి గానీ గోలీలంత. వాటిని చూసి గిడియన్ ఏమీ అనలేదు. ఇది బాగున్నప్పుడు ఊరుకునే ఊరుకోవడం కాదని ఓస్లాకి తెలుసు.

అయినా పోటీకి తీసుకెళ్ళింది. అయిదు పళ్ళు తెల్లటి కాగితప్పళ్ళెంలో పెట్టింది. పక్కనే మిమీ పళ్ళెం. అయిదు పిడికిళ్ళు. న్యాయనిర్ణేత ఎక్కడో ఊరవతలి పెద్దమనిషి, కళ్ళజోడుకి తాడు కట్టుకున్నాడు. అక్కడ రుచి చూడడం ఉండదు. రంగు చూస్తారు, సైజు చూస్తారు, వేలితో నొక్కుతారు. ఆయన ఓస్లా పళ్ళెం ముందు ఆగనైనా ఆగలేదు. ఎర్రచీటీ మిమీకి వెళ్ళింది. క్యాబేజీ వైపు చూస్తే, అక్కడ కూడా ఎర్రచీటీ బడిపంతులు క్యాబేజీ పక్కన ఉంది. వేసవంతా కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి క్యాబేజీ ఎలా పెరుగుతుంది? పన్నెండో ఏట ఓస్లా పేరు ఏ చీటీ మీదా లేదు.

"వచ్చే ఏడు చూద్దువులే అక్కా," అంది మిమీ, చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఓస్లా దాన్ని విదిలించుకోలేదు. ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

పోటీ మర్నాడు ఆదివారం రెండు కుటుంబాలూ ఓస్లా ఇంట్లో భోంచెయ్యడం మామూలు. మాంసం చారు పెట్టింది, రొట్టెలు పెట్టింది. పారెయ్యడానికి మనసొప్పక తన గోలీ టమాటాలు చిన్న సాసరులో వేసి వెన్నగిన్నె వెనకాల దాచినట్టు పెట్టింది. గిడియన్ చెయ్యి వెన్న కోసం వెళ్ళి, చూసుకోకుండానే ఒక పండు తీసుకుంది. నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"మిమీ," అన్నాడు, "నువ్వు ఈ ఏడు మించిపోయావమ్మాయ్. ఇంత రుచి నేను..."

"అవి నావయ్యా," అంది ఓస్లా.

గిడియన్ సాసరు వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు.

"ఏదో అంటున్నావు," అంది ఆమె. "పూర్తి చెయ్యి."

"పుట్టి బుద్ధెరిగాక తినలేదు," అన్నాడు ఆయన, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా.

ఓస్లా లేచి పొయ్యి వైపు తిరిగి, అక్కర్లేకపోయినా కెటిల్ జరిపింది.

మిమీ ఒకటి తింది. రెండోది తింది. మూడోది తినేటప్పుడు ఆమె మొహంలోకి ఓస్లా ఎన్నడూ చూడనిది ఒకటి వచ్చింది. తినే మనిషి కళ్ళు పండు మీద ఉండాలి. మిమీ కళ్ళు సాసరులో ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నాయి.

"అక్కా, ఇవి నేనిచ్చిన నారేనా?"

"నీ నారే."

"ఎరువేం వేశావు?"

"గొర్రెల పెంట. నువ్వు వేసేదే."

"మరి ఈ తీపి ఎక్కడిది?"

ఓస్లాకీ అప్పటికి తెలియదు. కానీ గిడియన్ చారులోకి దగ్గడం చూసి ఆమెకి తట్టింది. ఆ ఉప్పునీళ్ళతో చావుకి దగ్గరగా వెళ్ళి బతికిన మొక్క, ఉన్న తీపంతా ఆ నాలుగు గోలీల్లో కూరిందన్నమాట. ఆమె బల్ల కింద మొగుడి కాలు తొక్కి, రొట్టె మీద వెన్నని నలుమూలలకీ తాపీగా రాసింది.

"హస్తవాసి, మిమీ," అంది.

భోజనాలయ్యాక మిమీ ఇంటికి దారివెంట వెళ్ళలేదు. కాలువవెంట వెళ్ళింది. ఓస్లా కిటికీలోంచి చూస్తూనే ఉంది. గోనెపట్టా దగ్గర మిమీ వంగింది. ఎత్తింది. వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. ఇంకోసారి రుచి చూసి, పట్టాని మళ్ళీ కప్పి, నాలుగు అంచులూ చక్కగా లోపలికి మడిచి వెళ్ళిపోయింది. మడతపెట్టడం ఆమె జబ్బు. నీళ్ళ గురించి ఆ రోజూ అడగలేదు, ఆ చలికాలమంతా అడగలేదు. గుడ్ల కోసం వచ్చేది, "అక్కా" అనేది, పోయేది. ఓస్లాకి మాత్రం ఎప్పుడు అడుగుతుందా అని లోపల దురద పుట్టేది.

మళ్ళీ జూన్ వచ్చింది. మళ్ళీ గాలి, మళ్ళీ ఉప్పు, మళ్ళీ వాన. ఓస్లా అద్దం మీద గుండ్రంగా తుడిచి చూసింది. మిమీ వానకోటు వేసుకుని వచ్చింది. గొట్టం మీద చెయ్యి వేసింది. కిందికి, ఓస్లా కిటికీ వైపు ఒక్కసారి చూసింది. గొట్టం తియ్యకుండా, చెయ్యి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, ఇలా రా, ఇలా రా," అని పిలిచింది ఓస్లా. "మిమీ గొట్టం తియ్యలేదు. కడుగునీళ్ళు పట్టుకుంటోంది. దానికి నా టమాటాల మీద కళ్ళు పడ్డాయి. మిమీకి నేనంటే కుళ్ళు."

ఆమె మొహం అంత వెలిగిపోవడం గిడియన్ పెళ్ళిలో కూడా చూడలేదు. ఆ వెలుగు అరనిమిషం ఉంది. ఆమె చూపు కాలువ మీద పడింది. కాలువలో రాళ్ళు తడిశాయి, అంతే. పైనుంచి ఒక్క ధారా రావడం లేదు.

"నా నీళ్ళు," అంది ఓస్లా. "నా నీళ్ళు పైనే ఆపేసింది."

"అవి నీవి ఎప్పుడయ్యాయి?" అన్నాడు గిడియన్.

అప్పటికే ఆమె ఆయన కోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయింది. వానలో నిలబడి తమ గొర్రెలపాక కప్పు వైపు తలెత్తి చూసింది. తూము లేదు, గొట్టం లేదు. ఉప్పూ తీపీ అన్నీ నాలుగువైపులా కారిపోయి బురదలో కలుస్తున్నాయి. పై నుంచి మిమీ గొంతు వినపడింది.

"అక్కా, మా దగ్గర పాత తూముముక్క ఒకటుంది. తెచ్చి ఇమ్మంటావా?"

దీని మంచితనం మండిపోనూ, అనుకుంది ఓస్లా. మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది.

"నీ దానికంటే పొడుగుదైతేనే తీసుకురా," అని అరిచింది.